అన్నయ్య అమెరికా సిటిజన్‌షిప్ తీసుకునేలోపు హైదరాబాద్‌లో ఏవేం చక్కబెట్టుకోవాలి?

నిజాంపేట_తమ్ముడు:

అందరికీ నమస్తే. మా అన్నయ్య డాలస్‌లో ఉంటాడు. 2020 మార్చిలో గ్రీన్ కార్డు వచ్చింది, వదినకీ పాపకీ కూడా అప్పుడే. పాపకి పదమూడేళ్లు, పుట్టింది ఇక్కడే. ఇప్పుడు అన్నయ్య ఎన్-400 (సిటిజన్‌షిప్ దరఖాస్తు) వేసేస్తానంటున్నాడు. వదిన మాత్రం తనకి ఇప్పుడే వద్దంటోంది. ఇక్కడి కాగితాల పనంతా నా మీదే పడుతుంది కాబట్టి అడుగుతున్నా.

2022 జనవరి మొదట్లో నాన్నగారి ఆపరేషన్‌కని వచ్చి, ఆగస్టు మొదటి వారం దాకా ఇక్కడే ఉండిపోయాడు. అక్కడి ఉద్యోగమే ఇక్కణ్ణుంచి చేశాడు. దీనివల్ల ఏమైనా ఇబ్బందా? ఇండియన్ పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంది. దాంతో గ్రీన్ కార్డులో ముందు పేరు ఉండాల్సిన చోట ఎఫ్ఎన్‌యూ ('ముందు పేరు తెలియదు') అని పడింది. సిటిజన్‌షిప్‌తో పాటే పేరు కూడా సరిచేసుకుంటానంటున్నాడు. ఈ డిసెంబరులో చెల్లి పెళ్లి, రాక తప్పదు. నాన్న పేరు మీద షాద్‌నగర్ దగ్గర రెండెకరాల పొలం, నిజాంపేటలో ఫ్లాటు ఉన్నాయి. సిటిజన్‌షిప్ ప్రమాణం చేసేలోపే పొలం అన్నయ్యకి గిఫ్ట్ డీడ్ రాసేయమని ఒక బంధువు సలహా. ఇక నాన్నకి 69, అమ్మకి 64. సిటిజన్ కాగానే ఇద్దరికీ గ్రీన్ కార్డు తెప్పిస్తాడట. వాళ్లు అక్కడ ఇమడగలరా లేదా అన్నది మా ఇంట్లో రోజూ నడిచే పంచాయితీ.

చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు చేయమనే సలహా ఇప్పటికే అందింది, అవి అయిపోయాయి కూడా. మిగతావి చెప్పండి.

ఫైలు_కట్ట:

ముందు ఆ ఏడు నెలల సంగతి తేల్చుకోండి. పేరు, పొలం అన్నీ ఆ తర్వాతే.

చాలామంది చూసుకునేది ఒక్క లెక్కే: అయిదేళ్లలో కనీసం 30 నెలలు, అంటే 913 రోజులు అమెరికాలో ఉండాలి. అది మీ అన్నయ్యకి ఎలాగూ సరిపోతుంది. చిక్కంతా రెండో లెక్కతో. ఒకే ప్రయాణంలో ఆరు నెలలు దాటి ఏడాదిలోపు బయట ఉంటే, నివాసం తెగిపోయిందనే అధికారి మొదలుపెడతాడు. తెగలేదని చూపించుకునే భారం మనదే. ఏడాది గానీ, అంతకంటే ఎక్కువ గానీ అయితే మామూలుగా ఆ అవకాశమూ ఉండదు.

చూపించుకోవడానికి కావాల్సినవి: ఆ ఏడు నెలలూ అమెరికా ఉద్యోగమే నడిచినట్టు జీతం చీటీలు, ఇంటి అద్దె లేదా లోను కంతులు కట్టిన స్టేట్‌మెంట్లు, వదిన, పాప అక్కడే ఉండిపోయి ఉంటే పాప స్కూలు హాజరు, ఆ ఏడాది రిటర్న్ రెసిడెంట్‌గా వేసినట్టు ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) నుంచి తెప్పించిన ట్రాన్స్‌క్రిప్ట్. ఇక్కడ మనవాళ్లు ఆసుపత్రి కాగితాల కట్ట పట్టుకెళ్లి అదే చాలనుకుంటారు. ఆ కాగితాలు ఎందుకు ఆగాల్సి వచ్చిందో చెబుతాయి, కాపురం అమెరికాలోనే ఉందని మాత్రం చెప్పవు. అడిగేది రెండోది.

రెండో దారి ఆగడం. తిరిగి వెళ్లిన రోజు నుంచి నాలుగేళ్ల ఆరు నెలలు గడిచాక వేస్తే, గత అయిదేళ్ల లెక్కలో ఆ ప్రయాణం ఆరు నెలల లోపుకి తగ్గిపోతుంది, ప్రశ్నే రాదు. ఆగస్టు 2022 మొదటి వారం అన్నారు కాబట్టి 2027 ఫిబ్రవరి అవుతుంది. కాస్త మిగులు చూసుకుని మార్చిలో వేయమనండి. నేనైతే ఇదే మేలంటాను, ఎందుకంటే మీ ఇంటి పెళ్లి ఉంది.

ప్రమాణం రోజున ఏం జరుగుతుందో చూడండి. వెళ్లగానే గ్రీన్ కార్డు తీసేసుకుంటారు. ప్రమాణం పూర్తయిన క్షణం నుంచి 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం భారత పౌరసత్వం దానంతటదే పోతుంది. చేతిలో ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నా, దానిమీద ఇంకా ఆరేళ్ల గడువున్నా, వాడితే పాస్‌పోర్టుల చట్టం కింద నేరం. అమెరికా పాస్‌పోర్టు ఇంకా రాలేదు. అంటే ఆ మధ్యకాలంలో మనిషి దగ్గర నాచురలైజేషన్ సర్టిఫికెట్ (పౌరసత్వ పత్రం) ఒక్కటే ఉంటుంది, ప్రయాణానికి అది పనికిరాదు. ఇప్పుడే దరఖాస్తు వేసి, ప్రమాణం తేదీ నవంబరులో పడిందనుకోండి, పెళ్లి పనులు పక్కనపెట్టి పాస్‌పోర్టు అపాయింట్‌మెంట్ల వెంట తిరగాలి. మార్చిలో వేసేటట్టయితే డిసెంబరులో హాయిగా పాత పాస్‌పోర్టు, గ్రీన్ కార్డుతో వచ్చి వెళ్తాడు.

ప్రమాణం తర్వాత వరస ఇది. సర్టిఫికెట్ మీద పేరు, పుట్టిన తేదీ అక్కడే నిలబడి చదువుకోవాలి. మన రోజు/నెల పద్ధతి, వాళ్ల నెల/రోజు పద్ధతి తారుమారై 4వ తేదీ జులై కాస్తా 7వ తేదీ ఏప్రిల్ అవుతుంటుంది. ఆ తప్పు అక్కడే దొరికితే సరే, ఓసీఐ (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారతీయులకిచ్చే కార్డు) దాకా వెళ్లాక దొరికితే మూడు కాగితాలు తిరగరాయించాలి. తర్వాత డీఎస్-11 ఫారంతో పాస్‌పోర్టు: పుస్తకానికి 130 డాలర్లు, దరఖాస్తు తీసుకున్నందుకు 35, త్వరగా కావాలంటే ఇంకో 60. దీనికి ఒరిజినల్ సర్టిఫికెట్ పంపించాలి, అది వేరే కవరులో తిరిగొస్తుంది. సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో పౌరసత్వం మార్పించాలి. ఆ తర్వాత వీఎఫ్ఎస్ (దరఖాస్తులు తీసుకునే ఏజెన్సీ) ద్వారా ఇండియన్ పాస్‌పోర్టు సరెండరు, ఆ సర్టిఫికెట్‌తో ఓసీఐ. ఓసీఐ ఫీజు 275 డాలర్లు, వీఎఫ్ఎస్ ఛార్జీలు అదనం. అన్నట్టు ఈ ఓసీఐ పథకాన్ని మొదలుపెట్టింది మన హైదరాబాద్‌లోనే, 2006 ప్రవాసీ భారతీయ దివస్‌లో.

ఓసీఐ వచ్చేలోపు ఇంట్లో ఏదైనా అత్యవసరం అయితే, అమెరికా పాస్‌పోర్టు మీద ఈ-వీసా తీసుకుని శంషాబాద్‌లో దిగొచ్చు. పాస్‌పోర్టుకి ఆరు నెలల గడువు, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. పాత జాతీయత అడిగే గడిలో నిజమే రాయాలి.

పాప సంగతి మర్చిపోకండి. పద్దెనిమిది లోపు, గ్రీన్ కార్డుతో, తండ్రి దగ్గరే ఉంటోంది కాబట్టి ఆయన ప్రమాణం చేసిన రోజే తనూ సిటిజన్ అయిపోతుంది. దరఖాస్తు ఉండదు, ప్రమాణం ఉండదు. ఆ రోజు నుంచి తన ఇండియన్ పాస్‌పోర్టు కూడా పక్కన పెట్టాల్సిందే. ఎన్-600 వేసి తన పేరు మీద పౌరసత్వ సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు గానీ ఆన్‌లైన్‌లో 1,335 డాలర్లు. అంత తొందరేమీ లేదు, ముందు పాస్‌పోర్టు తీసుకుంటే సరిపోతుంది. పదహారు నిండని పిల్లల పాస్‌పోర్టుకి తల్లిదండ్రులిద్దరూ వెళ్లాలి, ఓసీఐ ఫారం మీద కూడా ఇద్దరి సంతకాలూ ఉండాలి. వదిన సిటిజన్ కాకపోయినా దీనికి అడ్డం లేదు.

పరీక్ష గురించి పెద్దగా రాయను. 2025 అక్టోబరు 20 నుంచి వేసే దరఖాస్తులకి కొత్త సివిక్స్ (అమెరికా చరిత్ర, పాలన) పరీక్ష: 128 ప్రశ్నల జాబితాలోంచి 20 అడుగుతారు, 12 చెప్పాలి. పన్నెండు సరిపోగానే గానీ, తొమ్మిది తప్పగానే గానీ ఆపేస్తారు. ఫెయిలైతే 60 నుంచి 90 రోజుల్లో ఇంకోసారి పిలుస్తారు. సాఫ్ట్‌వేర్ వాళ్లు దెబ్బతినేది ఇక్కడ కాదు, 'ఎప్పుడైనా' అని మొదలయ్యే ప్రశ్నల దగ్గర. ఎప్పుడైనా పోలీసులు సైటేషన్ ఇచ్చారా అంటే స్పీడింగ్ టికెట్ కూడా లెక్కే. జరిమానా కట్టేశాం కదా అని 'లేదు' అనేస్తారు. టికెట్ చిన్నదే, 'లేదు' అనడం మాత్రం ప్రమాణం మీద చెప్పిన అబద్ధం కిందకి పోతుంది. ఇంకోటి, జవాబు నోటితో ఎస్ లేదా నో అనే చెప్పాలి. మనం అవునన్నట్టు తల ఊపితే అక్కడివాళ్లకి కాదన్నట్టు కనిపించొచ్చు.

ఎన్-400 ఫీజు ఆన్‌లైన్‌లో 710, కాగితం మీద 760 డాలర్లు.

పేరు_ఇంటిపేరు:

తమ్ముడు గారూ, ఎఫ్ఎన్‌యూ గురించి. మన పాస్‌పోర్టులో సర్‌నేమ్ ఖాళీగా వదిలి పేరంతా ఒకే గడిలో రాస్తే, అమెరికా వీసా వేసేవాళ్లు ఆ మొత్తాన్నీ సర్‌నేమ్ కింద పెట్టి, ముందు పేరు 'తెలియదు' అని రాస్తారు. ఆంధ్రా, తెలంగాణ పాత పాస్‌పోర్టుల్లో ఇది చాలా మామూలు. ఇంటిపేరుని ఒక్క అక్షరంగా ముందు రాసుకోవడం మన అలవాటు, పదో తరగతి మెమో అలాగే వస్తుంది, పాస్‌పోర్టు దాన్నిబట్టి వస్తుంది.

ఎన్-400లో పేరు మార్పు కోరే చోటు ఉంది, విడిగా ఫీజు లేదు. కానీ ఆ మార్పు చేసే అధికారం కోర్టుది. కాబట్టి జడ్జి సమక్షంలో జరిగే ప్రమాణానికే పిలుస్తారు. ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో ఇంటర్వ్యూ రోజే ప్రమాణం చేయించే పద్ధతి ఉన్నచోట కూడా పేరు మార్పు కోరినవాళ్లు కోర్టు తేదీ కోసం ఆగాలి. తొందరలో ఉన్నవాళ్లు ఇది లెక్కలో పెట్టుకోవాలి.

అసలు ఆలోచించాల్సింది పేరు ఎంత మార్చాలన్నది. 'కొండూరు వెంకట రమణ' అనే ఊహాపేరు తీసుకుందాం. ఉన్న మూడు ముక్కల్నే విడదీసి, కొండూరుని సర్‌నేమ్‌గా, వెంకట రమణని ముందు పేరుగా పెట్టుకుంటే హైదరాబాద్‌లో పెద్దగా తలనొప్పి ఉండదు. అక్షరాలు అవే, వరసే మారింది. ఒక నోటరీ అఫిడవిట్‌తో బ్యాంకువాళ్లు కూడా సాధారణంగా ఒప్పుకుంటారు. అదే పలకడానికి తేలికని వెంకటను తీసేసి ముందు పేరు 'రే' అని పెట్టుకుంటే, ఇక్కడ పాన్, బ్యాంకు కేవైసీ, ఫ్లాటు తాలూకు డాక్యుమెంట్లు, రేపు వారసత్వం, అన్నింటికీ కోర్టు ఉత్తర్వు కాపీ పట్టుకుని తిరగాలి. ఆఫీసులో రే అని పిలిపించుకోవడానికి చట్టపరంగా పేరు మార్చుకోనక్కర్లేదు, ఈమెయిల్ సంతకంలో రాసుకుంటే చాలు.

మార్చుకుంటే ఆ ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీలు అప్పుడే రెండు మూడు తీసుకుని, ఒకదానికి అపొస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా వేసే ధ్రువీకరణ) చేయించి ఇక్కడికి పంపమనండి. భారత్, అమెరికా రెండూ హేగ్ ఒప్పందంలో ఉన్నాయి కాబట్టి అపొస్టిల్ ఉన్న కాగితానికి మళ్లీ కాన్సులేట్ ముద్ర అక్కర్లేదు.

ఓసీఐ ఆగిపోయే కేసుల్లో పేరు తేడాలే ఎక్కువ కనిపిస్తాయి. దరఖాస్తుదారు పేరు అమెరికా పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. తండ్రి పేరు, తల్లి పేరు రద్దయిన ఇండియన్ పాస్‌పోర్టు చివరి పేజీలో ఉన్నట్టే ఉండాలి. అమ్మగారి పేరు ఒకచోట పుట్టింటి ఇంటిపేరుతో, ఇంకోచోట అత్తింటి ఇంటిపేరుతో ఉంటే వివరణ అడుగుతారు. ఫొటో 51 మిల్లీమీటర్ల చదరం, తెల్లటిది కాని లేతరంగు నేపథ్యం. అమెరికా పాస్‌పోర్టు కోసం తెల్ల నేపథ్యంతో తీయించిన ఫొటోనే ఇక్కడా పెట్టేసి వెనక్కి తెప్పించుకుంటారు చాలామంది.

మీరు ఇక్కడ ఇప్పుడే చేయగలిగిన పని ఒకటుంది. అన్నయ్య పుట్టిన సర్టిఫికెట్ తీసి చూడండి. ఎనభైల్లో మున్సిపాలిటీ ఇచ్చిన వాటిలో బిడ్డ పేరు చోట 'మగబిడ్డ' అని మాత్రమే ఉంటుంది. అలా ఉంటే పేరు చేర్పించడానికి మీసేవలో దరఖాస్తు పెట్టండి. ఓసీఐకి కాకపోయినా, అమ్మానాన్నల గ్రీన్ కార్డుకి అదే మూల కాగితం.

షాద్‌నగర్_పట్టా:

పొలం ముచ్చట నేను చెప్త. మీ బంధువు చెప్పిన గిఫ్ట్ డీడ్ సంగతి ఇడిసిపెట్టుండ్రి. మీ అన్న ప్రమాణం చేసినా చెయ్యకున్నా ఇప్పటికే ఎన్ఆర్ఐ. ఫెమా (విదేశీ మారక చట్టం) రూల్స్ ప్రకారం ఎన్ఆర్ఐ అయినా, ఓసీఐ అయినా, వ్యవసాయ భూమి, ఫామ్‌హౌజ్, తోటలు కొనొద్దు, గిఫ్టుగ కూడ తీసుకోవద్దు. సిటిజన్ అయ్యేలోపు రాస్తే చెల్లుతది అనుకుంటరు, అది వట్టి మాట. లెక్క పౌరసత్వంతోని కాదు, నివాసంతోని. డీడ్ రిజిస్టర్ కావచ్చు, సబ్ రిజిస్ట్రార్ ఫెమా అడగకపోవచ్చు. కానీ రేపు అమ్మి పైసలు డాలస్‌కు పంపుదామని బ్యాంకుకు పోతే, ఈ భూమి ఎట్ల వచ్చిందని అడుగుతరు. అక్కడ చిక్కుకుంటది.

వారసత్వంగ వస్తే ఏ ఇబ్బంది లేదు. అందుకే నాన్నతోని వీలునామా రాయించుండ్రి. ఇద్దరు సాక్షులు ఉండాలె, సాక్షులు వాటాదారులు కాకుంటే మంచిది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయించుకుంటె రేపు అన్నదమ్ముల నడుమ మాట రాదు. పైన పేరు గురించి రాసినాయన చెప్పిండు కద, మీ అన్న పాత పేరు, కొత్త పేరు రెండూ వీలునామాల రాయాలె. లేకుంటే రేపు విరాసత్ (వారసుని పేరు మీదికి భూమి మార్పు) చేసుకునేటప్పుడు ఆ కొడుకు, ఈ పాస్‌పోర్టు మనిషి ఒక్కడే అని నిరూపించుకునుడు పెద్ద పని. 2025 ఏప్రిల్ నుంచి భూమి రికార్డులకు ధరణి పోయి భూభారతి వచ్చింది, విరాసత్ మ్యుటేషన్ ఇప్పుడు అండ్లనే.

వచ్చినంక అమ్మాలంటే ఇండియాల ఉండే భారత పౌరునికే అమ్మాలె, ఇంకో ఎన్ఆర్ఐకి కాదు. పైసలు ఎన్ఆర్ఓ ఖాతాల (ఎన్ఆర్ఐలకు ఇండియాల ఉండే రూపాయల ఖాతా) పడతయి. అక్కడి నుంచి ఏడాదికి పది లక్షల డాలర్ల దాక బయటికి తీసుకపోవచ్చు, సీఏ సర్టిఫికెట్ కావాలె.

ఇంకొక మాట. షాద్‌నగర్, చేవెళ్ల దిక్కు గుంటల లెక్కన ఫామ్ ప్లాట్లు అమ్ముతున్నరు, ఎన్ఆర్ఐలకే ఎక్కువ చూపిస్తరు. బ్రోచర్ల క్లబ్ హౌజ్ ఉంటది, మామిడి చెట్లు ఉంటయి. రికార్డుల మాత్రం అది వ్యవసాయ భూమే. నాలా కన్వర్షన్ (వ్యవసాయేతర భూమిగ మార్పు) అయ్యి లేఅవుట్ పర్మిషన్ ఉన్న ప్లాటు అయితే వేరే సంగతి, దాన్ని కొనొచ్చు, గిఫ్ట్ తీసుకోవచ్చు.

ఫ్లాటుకు ఏ అడ్డం లేదు. కొనుడు, గిఫ్టు, వీలునామా, ఏదైనా నడుస్తది. ఆయన రాలేకపోతే పవర్ ఆఫ్ అటార్నీ పంపుతడు. అది ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టి వ్యాలిడేట్ చేయించాలె. కవరు బీరువాల పెట్టి ఆరు నెలలకు తీస్తరు, గప్పుడు మళ్ల జరిమానా. జనరల్ కాకుండ ఫలానా ఫ్లాటు, ఫలానా పని అని స్పెషల్ పవర్ రాయించుకోండ్రి.

నిజాంపేట_తమ్ముడు:

చాలా థాంక్స్. గిఫ్ట్ డీడ్ కోసం వచ్చే వారం స్లాట్ బుక్ చేద్దామనుకున్నాం, ఆపేశాం. పుట్టిన సర్టిఫికెట్‌లో నిజంగానే 'మగబిడ్డ' అనే ఉంది. అమ్మానాన్నల సంగతి కూడా ఎవరైనా చెబుతారా?

రెండిళ్ల_కాపురం:

ఇమడగలరా లేదా అన్నది తర్వాత. ముందు వాళ్లకి కావాల్సింది గ్రీన్ కార్డా, విజిటర్ వీసానా అన్నది ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ అనుకునేవాళ్లకి గ్రీన్ కార్డు పనికిరాదు. గ్రీన్ కార్డంటే కాపురం అక్కడ, నిజాంపేటకి వచ్చేది చుట్టపుచూపుగా. ప్రతి ఏడూ సగం కాలం ఇక్కడే గడిపితే ఏదో ఒకసారి ఎయిర్‌పోర్టులో నిలదీస్తారు. అలాంటి వాళ్లకి బీ-2 (విజిటర్) వీసా చాలు. ఇంకో సంగతి, ఐ-130 (బంధువుల గ్రీన్ కార్డు కోసం వేసే పిటిషన్) వేశాక బీ-2 రెన్యువల్‌కి వెళితే, వలస వెళ్లే ఉద్దేశం కాగితం మీదే ఉంది కాబట్టి తిరస్కరించే అవకాశం ఎక్కువ. రెండు పడవల్లో కాళ్లు కుదరవు.

గ్రీన్ కార్డే అనుకుంటే, సిటిజన్ అయిన, 21 నిండిన కొడుకు తల్లిదండ్రులకి వేసే కేసుకి ఏళ్ల తరబడి క్యూ ఉండదు. అయితే ఇద్దరికీ రెండు వేర్వేరు ఐ-130లు వేయాలి. నాన్న కేసులో అమ్మని చేర్చే వీల్లేదు. ఆన్‌లైన్‌లో ఒక్కొక్కటి 625 డాలర్లు. ఆమోదం వచ్చాక ఒక్కొక్కరికి వీసా ఫీజు 325. స్పాన్సరుగా అన్నయ్య ఐ-864 (వాళ్లని పోషిస్తానన్న హామీ పత్రం) ఇవ్వాలి, దాని పరిశీలనకి 120. ఆదాయం పేదరిక రేఖకి 125 శాతం ఉండాలి, అదీ అయిదుగురి కుటుంబానికి. ఇంటర్వ్యూ నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేట్‌లో అనుకుంటారు అందరూ. ఇమ్మిగ్రెంట్ వీసాకి ముంబై వెళ్లాలి.

హైదరాబాద్‌లో మీరు కూర్చుకోవాల్సినవి: అమ్మానాన్నల పుట్టిన సర్టిఫికెట్లు. 1957లో పల్లెలో పుట్టిన మనిషికి అది ఉండదు. పుట్టిన ఊరి పంచాయతీ లేదా తహసీల్దారు దగ్గర రికార్డు లేదని నాన్-అవైలబిలిటీ సర్టిఫికెట్, పుట్టుక తెలిసిన పెద్దవాళ్లిద్దరి అఫిడవిట్లు, పదో తరగతి మెమో ఉంటే అది. అసలు పుట్టిన తేదీ ఒకటి, బడిలో వేయించిన తేదీ ఇంకొకటి అయితే పాస్‌పోర్టులో ఉన్నదానికే అన్నీ కట్టుబడాలి. అఫిడవిట్‌లో జాతకం తేదీ రాయించి కేసు పాడుచేసుకోవద్దు. వాళ్ల పెళ్లి రిజిస్టర్ కాకపోతే శుభలేఖ, ఫొటో, సాక్షులతో సబ్ రిజిస్ట్రార్ దగ్గర ఇప్పుడైనా చేయించొచ్చు. తండ్రికి వేసే కేసులో తల్లిదండ్రుల పెళ్లి రుజువు కావాలి. పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్టు సేవా కేంద్రం ద్వారా, చివర్లో తీసుకోండి, ముందే తీసుకుంటే గడువు దాటుతుంది.

ఇక ఇమిడే సంగతి. మొదటి అయిదేళ్లూ వైద్యమే అసలు ఖర్చు. 65 దాటినా, అయిదేళ్లు వరుసగా అక్కడ ఉన్నాకే డబ్బు కట్టి మెడికేర్‌లో చేరే వీలుంటుంది. అప్పటిదాకా ప్రైవేటు ఇన్సూరెన్స్. నాన్నగారికి ఆపరేషన్ అయింది కాబట్టి ప్రీమియం లెక్క వేసుకోకుండా టికెట్లు కొనొద్దు.

డాలస్ శివార్లలో కారు లేనిదే పాలప్యాకెట్టు కూడా రాదు. ఇద్దరికీ డ్రైవింగ్ రాకపోతే పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఇంట్లోనే. ఇల్లు చూసేటప్పుడు లైబ్రరీకో గుడికో నడిచివెళ్లే దూరం ఉందా చూడమనండి. చాలా పబ్లిక్ లైబ్రరీల్లో పెద్దవాళ్లకి ఇంగ్లీషు తరగతులు ఉచితం. అమ్మగారి వయసువాళ్లకి అది భాష కోసం కంటే నలుగురు మనుషులు దొరకడం కోసం. వెళ్లిన నెలలోనే టెక్సస్ ఐడీ కార్డు తీయించండి.

ఆ ఐడీ ఆఫీసులోనే అతిపెద్ద ప్రమాదం ఉంది. 1993 నాటి చట్టం ప్రకారం అక్కడే ఓటరు నమోదు కూడా అడుగుతారు. మన పెద్దవాళ్లు ఎక్కడ చూపిస్తే అక్కడ సంతకం పెడతారు. 'నేను అమెరికా పౌరుణ్ణి' అనే గడిలో టిక్కు పడితే అది తప్పుడు పౌరసత్వ ప్రకటన. తర్వాత సిటిజన్‌షిప్ వచ్చే అవకాశం పోతుంది సరే, గ్రీన్ కార్డుకే ఎసరు వస్తుంది. పక్కన మనిషి లేకుండా పంపొద్దు.

వయసు ఎక్కువ కాబట్టి వాళ్లకి ఇంగ్లీషు పరీక్ష ఉండదని కూడా అనుకోవద్దు. 50 ఏళ్ల వయసుకి 20 ఏళ్ల గ్రీన్ కార్డు, 55కి 15 ఏళ్లు ఉంటేనే ఆ మినహాయింపు. 70లో వెళ్లి 75లో దరఖాస్తు పెట్టే నాన్నగారికి అది వర్తించదు. డాక్టరు ఎన్-648 (జబ్బు వల్ల పరీక్ష మినహాయింపు కోరే ఫారం) రాసిచ్చేంత జబ్బు ఉంటే తప్ప ఇంగ్లీషులో చదివి, రాసి చూపించాల్సిందే. చదవడానికి మూడు వాక్యాలు ఇస్తే ఒకటి, రాయడానికి మూడిస్తే ఒకటి వస్తే చాలు కాబట్టి అయిదేళ్లు లైబ్రరీకి వెళ్తే అదేమంత కష్టం కాదు.

చిన్నవి కొన్ని. పోలీసు కారు ఆపితే డోరు తీసుకుని దిగకూడదు, చేతులు కనిపించేలా కూర్చోవాలి. ఇక్కడ దిగి వెళ్లి మాట్లాడటం మర్యాద, అక్కడ అది బెదిరింపు. ఇండియాకి 011-91 కొట్టబోయి 911 నొక్కేస్తే ఫోను పెట్టేయకూడదు, పొరపాటని చెప్పాలి. లేకపోతే పోలీసులు గుమ్మం ముందుకి వస్తారు. పార్కులో మనవరాలి మీద చెయ్యెత్తడం అసలు వద్దు. పక్కింటివాళ్లని జీతం, పెళ్లి, పిల్లలు అడిగే అలవాటు కూడా శంషాబాద్‌లోనే వదిలి వెళ్లడం మంచిది.

పద్దుల_పుస్తకం:

అందరూ ఎలా తీసుకోవాలో చెబుతున్నారు. తీసుకోవాలా అన్నది కూడా ఒకసారి ఆలోచించండి. వదినగారు వద్దనడంలో అర్థం ఉంది.

పది పదిహేనేళ్లలో హైదరాబాద్ తిరిగొచ్చే ఆలోచన ఉంటే, సిటిజన్‌కి అమెరికా పన్ను నిజాంపేట దాకా వెంట వస్తుంది. ఎక్కడ నివసించినా ప్రపంచవ్యాప్త ఆదాయం మీద రిటర్న్ వేస్తూనే ఉండాలి. గ్రీన్ కార్డయితే తిరిగి ఇచ్చేసి బయటపడొచ్చు, ఎనిమిదేళ్లు నిండితే దానికీ ఎగ్జిట్ ట్యాక్స్ (అమెరికా వదిలేసేటప్పుడు పడే పన్ను) లెక్క చూడాలి. 2020లో వచ్చిందన్నారు కాబట్టి ఆ ఎనిమిదేళ్ల గీత దగ్గరకొచ్చింది. ఏడాదిలో కొద్ది రోజులు కార్డు ఉన్నా ఆ ఏడాది మొత్తం కింద లెక్కిస్తారు కాబట్టి 2027తోనే ఎనిమిది పూర్తవుతాయి.

సిటిజన్ అయినా కాకపోయినా ఇప్పుడే చూసుకోవాల్సింది ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల రిపోర్టు). అమెరికా బయటి ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే అది ఫైల్ చేయాలి. నాన్నగారి బ్యాంకు ఖాతాలో జాయింట్‌గా అన్నయ్య పేరు ఉందా? ఉంటే అందులో తన పైసా లేకపోయినా ఆ ఖాతా మొత్తం లెక్కే. పీపీఎఫ్ ఉందా, సరెండర్ విలువున్న ఎల్ఐసీ పాలసీ ఉందా, అవీ చూడాలి. ఇక్కడి మ్యూచువల్ ఫండ్లయితే పిఫిక్ (విదేశీ ఫండ్ల మీద ఉండే అమెరికా పన్ను నిబంధన) కింద ఫండుకొక 8621 ఫారం, సీఏ ఫీజే రాబడిని మింగేస్తుంది. ఎన్-400లో పన్నుల గురించి ప్రశ్నలున్నాయి. పాత ఏళ్ల ఎఫ్‌బార్లు వేయకపోతే, దరఖాస్తుకి ముందే సరిచేసుకునే పద్ధతులున్నాయి, అవి తెలిసిన సీఏ దగ్గరకి వెళ్లమనండి.

ఆ ఏడు నెలల విషయంలో ఫైలు_కట్ట గారు చెప్పినదానికి ఒకటి కలుపుతా. 2022లో ఇక్కడ 182 రోజులు దాటే ఉన్నాడేమో. అయితే భారత ఆదాయపు పన్ను లెక్క ఆర్థిక సంవత్సరంతో నడుస్తుంది. జనవరి నుంచి మార్చి ఒక ఏడాదిలో, ఏప్రిల్ నుంచి ఆగస్టు ఇంకో ఏడాదిలో పడతాయి. రెండూ విడివిడిగా లెక్కేయండి.

నిజాంపేట_తమ్ముడు:

జాయింట్ ఖాతా ఉంది, అన్నయ్యకి ఆ సంగతే గుర్తులేదు. ఈ రాత్రే కాల్ పెడుతున్నాం. డిసెంబరు పెళ్లికి పాత పాస్‌పోర్టు మీదే వస్తాడు, మార్చిలో దరఖాస్తు. చివరిగా ఒకటి: కూకట్‌పల్లి ఓటరు జాబితాలో తన పేరు ఇంకా ఉంది. ఆధార్ కూడా ఉంది. వీటిని ఏం చేయాలి?

ఫైలు_కట్ట:

ఓటరు పేరు దానంతటదే పోదు. ప్రమాణం అయ్యాక ఫారం-7 ఆన్‌లైన్‌లో పెట్టి తీయించండి. జాబితాలో ఉంది కదా అని సెలవుల్లో వచ్చినప్పుడు ఓటేస్తే, ఇక్కడ నేరం. ఓసీఐకి ఓటు హక్కు లేదు.

ఆధార్ గుర్తింపుకే, పౌరసత్వానికి రుజువు కాదు. దాన్ని ఓసీఐ దరఖాస్తులో భారతీయ మూలానికి ఆధారంగా పెట్టొద్దు, రద్దయిన పాస్‌పోర్టు పెట్టండి. పాన్ అదే నంబరుతో కొనసాగుతుంది, పౌరసత్వం, చిరునామా మార్పించాలి. ఇక్కడి సేవింగ్స్ ఖాతా ఎన్ఆర్ఐ అయినప్పుడే ఎన్ఆర్ఓ కావాల్సింది. డిసెంబరులో వచ్చినప్పుడు బ్రాంచికి తీసుకెళ్లి ఆ పని చేయించండి, పెళ్లికి రెండు రోజుల ముందు కాకుండా.